ఎవరీ ఆస్పర్జర్? అల్లరి, ఒంటరితనం రెండూ ఒకే పిల్లాడిలో చూసిన డాక్టర్.. ఆ పేరు వెనుక చీకటి కోణం

పిలిస్తే పలకడు. క్లాసులో ఒక్కచోట కూర్చోడు. తోటి పిల్లలతో కలవడు. తనకు నచ్చిన పని దొరికితే మాత్రం గంటల తరబడి కదలడు. ఇలాంటి పిల్లాడికి ఉన్నది ఆటిజమా? ఏడీహెచ్‌డీనా? లేక రెండూనా?

ఈ ప్రశ్న ఇవాళ చాలా ఇళ్లలో వినిపిస్తోంది. అయితే 80 ఏళ్ల కిందటే ఆస్ట్రియాలో ఒక పిల్లల డాక్టర్ సరిగ్గా ఇలాంటి పిల్లల్ని దగ్గరుండి గమనించారు. వాళ్ల గురించి వివరంగా రాశారు. ఆయనే హన్స్ ఆస్పర్జర్.

ఆస్పర్జర్ సిండ్రోమ్ అన్న మాట వినే ఉంటారు. ఆ పేరు ఈయనదే. చాలా ఏళ్లపాటు ప్రపంచం ఈయన్ని పిల్లల పాలిట దేవుడిలా చూసింది. కానీ 2018లో వచ్చిన ఒక పరిశోధన ఆయన ఇంకో ముఖాన్ని బయటపెట్టింది. ఇంతకీ ఏం జరిగింది? ఆ డాక్టర్ జీవితం నుంచి ఇవాళ్టి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది ఏంటి?

వియన్నాలో మొదలు

హన్స్ ఆస్పర్జర్ 1906 ఫిబ్రవరి 18న వియన్నాలో పుట్టారు. మామూలు కుటుంబం. చిన్నప్పటి నుంచి పుస్తకాలంటే ప్రాణం. కొండలెక్కడం అంటే ఇష్టం. క్యాథలిక్ యువజన ఉద్యమంలో చురుగ్గా తిరిగారు. ఆస్ట్రియా కవి గ్రిల్‌పార్జర్ కవితలు పదే పదే అప్పజెబుతూ తోటి పిల్లలకు విసుగు తెప్పించేవారని కూడా చెబుతారు. అందుకే ఆయనలోనే ఆ లక్షణాలు కొన్ని ఉన్నాయేమో అని తర్వాతి రోజుల్లో కొందరు అనుకున్నారు. అది కేవలం ఊహే.

1931లో వియన్నా యూనివర్సిటీ నుంచి డాక్టర్ పట్టా అందుకున్నారు. అదే ఏడాది యూనివర్సిటీ పిల్లల ఆస్పత్రిలో చేరారు. అప్పుడు దాని అధిపతి ఫ్రాంజ్ హాంబర్గర్. నాజీ భావాలున్న మనిషి. కుర్ర డాక్టర్ ఆస్పర్జర్‌ను పైకి తెచ్చింది ఆయనే.

ఆ ఆస్పత్రిలో ఒక ప్రత్యేకమైన వార్డు ఉండేది. 1911లో ఎర్విన్ లాజర్ అనే డాక్టర్ మొదలుపెట్టారు. బడికి సరిపడని పిల్లలు, ఎవరి మాటా వినని పిల్లలు, ఎవరికీ అర్థం కాని పిల్లలు.. వీళ్లందరినీ అక్కడికి పంపేవాళ్లు. పేరుకే వార్డు. నిజానికి బడికీ ఇంటికీ మధ్యలో ఉండే చోటు అది. పిల్లలు ఆడుకునేటప్పుడు, తినేటప్పుడు, పాఠం వినేటప్పుడు డాక్టర్లు, నర్సులు పక్కనే ఉండి గమనించేవాళ్లు. ఒక్క పరీక్ష పెట్టి తేల్చేయడం అక్కడ పద్ధతి కాదు. విక్టరీన్ జాక్ అనే నర్సు పిల్లలతో ఆటలు, పాటలు, నాటకాలు నడిపించేవారు.

1930ల మధ్యకల్లా ఆ వార్డు బాధ్యత ఆస్పర్జర్ చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు ఇంకా 30 ఏళ్లు కూడా నిండలేదు.

అక్కడే పనిచేసిన జార్జ్ ఫ్రాంకల్, అన్నీ వైస్ ఇద్దరూ యూదులు. పరిస్థితులు బిగుసుకుపోతుండటంతో ఇద్దరూ అమెరికా వెళ్లిపోయారు. ఫ్రాంకల్ బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టర్ దగ్గర చేరారు. ఆ కానరే 1943లో 11 మంది పిల్లల గురించి రాసి, ఆటిజాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఆటిజం చరిత్రలో రెండు పెద్ద పేర్లకూ మధ్య వారధి ఈ ఫ్రాంకలే.

ఫ్రిట్జ్ చేసిన అల్లరి అంతా ఇంతా కాదు

ఆస్పర్జర్‌కు పేరు తెచ్చింది 1944లో అచ్చయిన వ్యాసం. పదేళ్లలో 200 మందికి పైగా ఇలాంటి పిల్లల్ని చూశామని అందులో రాశారు. వాళ్లలో నలుగురు అబ్బాయిల గురించి వివరంగా చెప్పారు.

మొదటివాడు ఫ్రిట్జ్. ఆరేళ్లవాడు. కిండర్‌గార్టెన్‌లో చేర్చిన కొద్ది రోజులకే పంపించేశారు. తోటి పిల్లల మీద పడి కొట్టడం, పాఠం జరుగుతుంటే తన మానాన తాను తిరగడం, కోట్లు తగిలించే స్టాండ్లు పీకేయడం.. ఇదీ వాడి వరస. తర్వాత బడిలో వేస్తే, మొదటి రోజు సాయంత్రానికే వీడికి చదువు చెప్పలేం అని తేల్చేశారు. కానీ అదే ఫ్రిట్జ్ లెక్కల్లో దిట్ట. తన వయసు పిల్లలు ఊహించలేని లెక్కలు నోటితో చేసేవాడు.

రెండోవాడు హారో. ఎనిమిదేళ్లు దాటాయి. క్లాసులో నాలుగు కాళ్ల మీద పాకేవాడు. గొడవలు పడేవాడు. లెక్క ఇస్తే టీచర్ చెప్పిన పద్ధతిలో చేయడు. సొంతంగా ఒక పద్ధతి కనిపెట్టి చేస్తాడు. ఒక్కోసారి ఆ పద్ధతి అసలు లెక్క కంటే కష్టంగా ఉండేది.

ఈ పిల్లలు కళ్లలోకి చూసి మాట్లాడరు. ఎదుటివాళ్ల మనసులో ఏముందో పట్టుకోలేరు. పెద్దవాళ్లలా గ్రాంథికంగా మాట్లాడతారు. ఒకే విషయం పట్టుకుని అందులోనే మునిగిపోతారు. ఇవన్నీ ఇవాళ ఆటిజం అనగానే గుర్తొచ్చే లక్షణాలే.

మరి కుదురు లేకపోవడం? లేచి తిరగడం? చెప్పిన పని మధ్యలో వదిలేయడం? ఇవి ఇవాళ ఏడీహెచ్‌డీ అనగానే గుర్తొచ్చేవి. ఫ్రిట్జ్‌లో అవీ ఉన్నాయి. రెండూ ఒకే ఒంట్లో.

ధ్యాస ఎక్కడికి పోతోంది?

ఆస్పర్జర్ రాసినవాటిలో ఇవాళ్టికీ పనికొచ్చే మాట ఒకటుంది. ఈ పిల్లల్లో ధ్యాస నిలపడంలో ఇబ్బంది దాదాపు ఎప్పుడూ కనిపిస్తుందని ఆయన గుర్తించారు. అయితే అది రెండు రకాలని చెప్పారు.

ఒక రకం పిల్లల ధ్యాస బయటి వాటి మీదకు పోతుంది. కిటికీ బయట కాకి అరిచినా, పక్కవాడు పెన్సిల్ కింద పడేసినా చూపు అటే. రెండో రకం పిల్లల్ని లోపలి ఆలోచనలే లాక్కుపోతాయి. బయట ఏం జరుగుతోందో వాళ్లకు పట్టదు. టీచర్ ఏం కోరుతున్నారో దాని మీదకు ధ్యాస మళ్లించాలన్న తలంపే ముందు నుంచీ ఉండదు. తన దగ్గరికొచ్చే పిల్లలు ఎక్కువగా ఈ రెండో రకమని ఆస్పర్జర్ రాశారు.

బయటికి చూస్తే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. ఇద్దరూ టీచర్ మాట వినరు. ఇద్దరికీ మార్కులు తగ్గుతాయి. కానీ లోపల జరిగేది వేరు. అందుకే ఇద్దరికీ చేయాల్సిన సాయమూ వేరు.

సాయం ఎలా చేయాలో కూడా ఆయన రాశారు. ఇలాంటి పిల్లాడితో అరిచి చెబితే పని జరగదు. బతిమాలినా జరగదు. గొంతు పెంచకుండా, కోపం చూపించకుండా, ఇది అందరికీ ఉన్న నియమం అన్నట్టు చెబితే వింటాడు. ఫ్రిట్జ్ విషయంలో అదే చేశారు. క్లాసులో కూర్చోలేని ఆ పిల్లాడికి విడిగా పాఠాలు చెప్పించారు. బడి వద్దన్న పిల్లాడు పరీక్షలు పాసయ్యాడు.

ఏడీహెచ్‌డీ కథ వేరే దారిలో..

ఆస్పర్జర్ కాలంలో ఏడీహెచ్‌డీ అన్న పేరే లేదు. కానీ ఆ లక్షణాల గురించి డాక్టర్లు అప్పటికే రాస్తున్నారు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టర్, తెలివి ఉండి కూడా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లల గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. 1917లో వియన్నాలోనే కాన్‌స్టాంటిన్ వాన్ ఎకనామో ఒక మెదడువాపు వ్యాధిని వర్ణించారు. దాని నుంచి కోలుకున్న చాలామంది పిల్లలు విపరీతమైన చురుకుదనంతో, అదుపు లేకుండా మారిపోయారు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టర్ ఇలాంటి పిల్లలకు బెంజెడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి చూశారు. ఉత్తేజపరిచే మందుతో పిల్లలు కుదురుగా చదువుకోవడం చూసి అందరూ ఆశ్చర్యపోయారు.

అలా ఏడీహెచ్‌డీది ఒక దారి, ఆటిజానిది ఇంకో దారి అయిపోయింది. వేర్వేరు డాక్టర్లు, వేర్వేరు పుస్తకాలు, వేర్వేరు వైద్యం. పిల్లాడు మాత్రం ఒక్కడే.

అదే చేత్తో రాసిన ఇంకో కాగితం

1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలో అడుగుపెట్టాయి. అదే ఏడాది అక్టోబర్‌లో ఆస్పర్జర్ ఒక ఉపన్యాసం ఇచ్చారు. మామూలుకు భిన్నంగా ఉన్న ప్రతి పిల్లాడూ తక్కువవాడు కాదని అందులో వాదించారు. ఆ రోజుల్లో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. చాలా ఏళ్లపాటు ఆయనకు మంచి పేరు తెచ్చింది ఈ ఉపన్యాసమే.

అయితే కథ అక్కడితో ఆగలేదు.

ఆస్పర్జర్ నాజీ పార్టీలో చేరలేదు. కానీ దానికి అనుబంధంగా ఉన్న కొన్ని సంఘాల్లో చేరారు. 1940లో వియన్నాలో ష్పీగెల్‌గ్రుండ్ అనే పిల్లల సంస్థ తెరుచుకుంది. పేరుకు ఆస్పత్రి. లోపల జరిగింది వేరు. బతికి ప్రయోజనం లేదని ముద్ర వేసిన పిల్లలకు మత్తుమందులు ఇచ్చేవాళ్లు. నీరసించి, న్యుమోనియా సోకి పిల్లలు చనిపోయేవాళ్లు. 1945 వరకు అక్కడ దాదాపు 789 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. దాని మొదటి అధిపతి ఎర్విన్ యెకేలియస్, గతంలో ఆస్పర్జర్‌తో కలిసి పనిచేసిన డాక్టరే.

1941 జూన్‌లో మూడేళ్లు కూడా నిండని ఒక పాపను ఆస్పర్జర్ పరీక్షించారు. మెదడువాపుతో ఆ పాప ఎదుగుదల ఆగిపోయింది. ఇంట్లో ఇంకో ఐదుగురు ఆరోగ్యంగా ఉన్న పిల్లలున్నారు, ఆ తల్లికి ఈ పాప మోయలేని భారం, ష్పీగెల్‌గ్రుండ్‌లో శాశ్వతంగా ఉంచడం తప్పనిసరి అన్న అర్థంలో ఆయన కాగితం రాసి సంతకం పెట్టారు. సెప్టెంబర్ మొదటి వారంలో, మూడో పుట్టినరోజు అయిన మర్నాడే ఆ పాప చనిపోయింది. మరో ఐదేళ్ల పాపనూ ఆయన అక్కడికే సిఫారసు చేశారు. 1942లో ఆ పాప కూడా అక్కడే చనిపోయింది.

అదే 1942లో గుగ్గింగ్ అనే చోట ఉన్న 200 మందికి పైగా పిల్లల్ని వర్గాలుగా విడగొట్టేందుకు ఒక కమిటీ వేశారు. అందులో ఆస్పర్జర్ ఒక సభ్యుడు. చదువు చెప్పినా ప్రయోజనం లేదని తేల్చిన 35 మంది ష్పీగెల్‌గ్రుండ్‌కు వెళ్లారు. వాళ్లెవరూ తిరిగి రాలేదు.

యుద్ధం తర్వాత పెద్ద పదవులు

1943లో ఆస్పర్జర్‌ను సైన్యంలోకి పిలిచారు. క్రొయేషియాలో సైనిక డాక్టర్‌గా పనిచేశారు. ఆయన లేనప్పుడు, 1944లో బాంబు దాడిలో వియన్నా వార్డు కూలిపోయింది. పిల్లలకు ఆటలు నేర్పిన నర్సు విక్టరీన్ జాక్ అందులోనే చనిపోయారు.

యుద్ధం ముగిశాక ఆస్పర్జర్ మీద ఏ కేసూ లేదు. నాజీ పార్టీ సభ్యుడు కాకపోవడం ఆయనకు కలిసొచ్చింది. 1957లో ఇన్స్‌బ్రుక్ పిల్లల ఆస్పత్రికి, 1962లో వియన్నా పిల్లల ఆస్పత్రికి అధిపతి అయ్యారు. 1977 వరకు ఆ పదవిలో ఉన్నారు. నాజీల కాలంలో తనను అరెస్టు చేయడానికి గెస్టపో వచ్చిందని, హాంబర్గర్ కాపాడారని తర్వాత ఆయన చెప్పుకున్నారు. దీనికి ఆయన మాట తప్ప వేరే గట్టి ఆధారం దొరకలేదు.

1980 అక్టోబర్ 21న వియన్నాలో కన్నుమూశారు. అప్పటికి జర్మన్ మాట్లాడే దేశాలు దాటితే ఆయన పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ.

చనిపోయిన ఏడాదికే ప్రపంచమంతా మార్మోగిన పేరు

1981లో బ్రిటన్ సైకియాట్రిస్ట్ లోర్నా వింగ్ ఒక వ్యాసం రాశారు. ఆమె కూతురికీ ఆటిజం ఉండేది. చక్కగా మాట్లాడగలిగినా నలుగురితో కలవలేని పిల్లలు కానర్ చెప్పిన గీతల్లో ఇమడటం లేదని ఆమె గమనించారు. 1944 నాటి ఆ జర్మన్ వ్యాసాన్ని బయటికి తీసి, ఆస్పర్జర్ సిండ్రోమ్ అన్న పేరును వాడుకలోకి తెచ్చారు. 1991లో ఉటా ఫ్రిత్ ఆ వ్యాసాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. 1994లో అమెరికా సైకియాట్రీ సంఘం వారి డీఎస్ఎం పుస్తకంలోకి ఆ పేరు ఎక్కింది. జబ్బుల నిర్ధారణకు చాలా దేశాల డాక్టర్లు చూసుకునే పుస్తకం ఇది.

అయితే అదే పుస్తకంలో ఒక మెలిక ఉంది.

19 ఏళ్లు అడ్డుపడ్డ రూల్

పిల్లాడి లక్షణాలు ఆటిజం వర్గంలోకి వస్తే, వాడికి ఏడీహెచ్‌డీ అని విడిగా చెప్పకూడదు. ఇదీ 1994 నాటి రూల్. కుదురు లేకపోవడం కూడా ఆటిజంలో భాగమే అనుకోవాలన్నది దాని అర్థం.

అంటే ఫ్రిట్జ్ లాంటి పిల్లాడిని ఆ రోజుల్లో డాక్టర్ దగ్గరికి తీసుకెళితే రెండింట్లో ఒక్కటే రాసేవాళ్లు. ఆటిజం అని రాస్తే ధ్యాస సమస్యకు సాయం దొరకడం కష్టం. ఏడీహెచ్‌డీ అని రాస్తే, తోటి పిల్లలతో ఎందుకు కలవలేకపోతున్నాడో ఎవరూ అడగరు.

2013 మేలో వచ్చిన కొత్త డీఎస్ఎం ఈ రూల్‌ను ఎత్తేసింది. ఒకే పిల్లాడికి ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఉన్నాయని చెప్పడానికి దారి తెరిచింది. విచిత్రం ఏంటంటే, అదే పుస్తకంలో నుంచి ఆస్పర్జర్ పేరు మాయమైంది. అంతా కలిపి ఆటిజం స్పెక్ట్రమ్ అన్నారు. ఆయన పేరు పోయిన రోజే, ఆయన చూసిన పిల్లలకు పూర్తి చోటు దొరికింది.

రెండూ ఎంతమందిలో ఉంటాయి? పరిశోధనల్లో అంకెలు చాలా తేడాగా వచ్చాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో 30 నుంచి 80 శాతం మందిలో ఏడీహెచ్‌డీ లక్షణాలు కనిపించాయి. జన్యువుల్లోనూ రెండింటికీ కొంత ఉమ్మడి మూలం ఉందని కవలల మీద చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి ఇది పెంపకంలో లోపం కాదు.

ఒకటి దొరికింది కదా అని రెండోది వెతక్కపోతే నష్టం ఉంది. 2015లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ముందు ఏడీహెచ్‌డీ అని తేలిన పిల్లల్లో ఆటిజం బయటపడటానికి సగటున 3 ఏళ్లు ఆలస్యమైంది. చిన్న వయసులో 3 ఏళ్లంటే మాటలు. మందుల విషయంలోనూ తేడా ఉంటుంది. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందులు ఆటిజం కూడా ఉన్న పిల్లల్లో కొందరికి బాగా పనిచేస్తాయి. మరికొందరికి ఫలితం తక్కువ, చికాకు, ఆకలి తగ్గడం లాంటి ఇబ్బందులు ఎక్కువ. అందుకే డాక్టర్‌కు రెండు సంగతులూ తెలియాలి.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం ఉంది. ఏడీహెచ్‌డీకి విడిగా చోటు లేదు. ఆటిజాన్ని అంచనా వేసి సర్టిఫికెట్ ఇవ్వడానికి దేశమంతా వాడే 40 అంశాల భారతీయ కొలమానం తయారైంది మన సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలోనే.

ఇక్కడ తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. పిల్లాడు మాట వినడు అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోకుండా, ఎప్పుడు వినడు, ఎక్కడ వినడు, నలుగురిలో ఎలా ఉంటాడు, ఒంటరిగా ఉంటే ఏం చేస్తాడు అన్నవి రాసుకుని డాక్టర్‌కు చూపించడం. ఇంట్లో, బడిలో, ఆటస్థలంలో పిల్లాడు వేరువేరుగా ఉంటాడు. వియన్నా వార్డులో నర్సులు, డాక్టర్లు పక్కనే ఉండి గమనించింది కూడా ఇదే. ఒక నిర్ధారణ వచ్చాక కూడా ఇంకోటి ఉందేమో చూడండి అని అడగడం తప్పు కాదు.

2018.. బయటపడ్డ నిజం

2018లో ఆస్ట్రియా చరిత్రకారుడు హెర్విగ్ చెక్, పాత ఆస్పత్రి కాగితాలు, నాజీ కాలం నాటి ఫైళ్లు వెతికి పరిశోధన ప్రచురించారు. ఆ ఇద్దరు పాపల సంగతి, గుగ్గింగ్ కమిటీ సంగతి వివరాలతో సహా ప్రపంచానికి తెలిసింది అప్పుడే. అదే ఏడాది చరిత్రకారిణి ఎడిత్ షెఫర్ కూడా ఆయన మీద పుస్తకం తెచ్చారు. అక్కడ పిల్లల్ని చంపుతున్నారని ఆస్పర్జర్‌కు తెలుసని చెప్పడానికి ఆధారాలు చాలవని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.

ఆ పేరుతోనే తమను తాము గుర్తించుకున్న ఎంతోమందికి ఈ వార్త పెద్ద దెబ్బ. కొందరు ఆ పేరు వదిలేశారు. ఆస్పర్జర్ పుట్టినరోజు ఫిబ్రవరి 18ని ఆ సిండ్రోమ్ దినంగా జరుపుకోవడం సరైనదేనా అన్న ప్రశ్న కూడా వచ్చింది.

ఫ్రిట్జ్‌ను బడి వద్దంది. ఆస్పర్జర్ అతని దగ్గర కూర్చున్నారు, లెక్కల్లో తెలివి చూశారు, చదివించారు. మూడేళ్లు నిండని ఆ పాపలో అలాంటి తెలివి కనిపించలేదు. ఆమెకు దక్కింది ఒక కాగితం, కింద ఒక సంతకం. ఇద్దర్నీ పరీక్షించింది ఒకే డాక్టర్.

ఆటిజం అయినా, ఏడీహెచ్‌డీ అయినా, రెండూ అయినా.. డాక్టర్ రాసే పేరు ఆ పిల్లాడికి ఏ సాయం కావాలో చెప్పడానికే. లెక్కలు బాగా చేసినా, అసలు మాటే రాకపోయినా, ఆ సాయం అందుకునే హక్కు ఇద్దరికీ సమానమే.